చెయ్యుంది

మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఆ మిల్లులో ఒక మగ్గం ఆగితే ఎవరూ తలెత్తి చూడరు. నాడె ఇరుక్కుందనో, పోగు తెగిందనో అనుకుంటారు. అన్నీ కలిసి ఆగితే మాత్రం చెవులు గుయ్యిమంటాయి. మూలన కూర్చుని కండెలు చుడుతున్న అమ్మాయి చేతిలో దారం చేతిలోనే పట్టుకుని పైకి చూసింది. కప్పు అద్దాల్లోంచి దిగుతున్న ఎండలో దూది నలుసులు మెల్లగా కిందికి వాలుతున్నాయి. పనివేళలో అవి నేలను తాకడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"బయటికి రండ్రా, తీగలు కోసేస్తున్నారు" అని గేటు దగ్గరనుంచి ఫిట్టరు అరిచాడు.

అందరూ బయటపడ్డారు. కరెంటు స్తంభం మీదున్నవాడు కోసిన తీగను చుట్ట చుట్టుకుంటున్నాడు. గేటు పక్కన 'చారిత్రక కట్టడం' అని చెక్కిన రాతిపలక ఉంది. ఇంకొకడు సరిగ్గా దాని మీదే ఒక రేకు బోర్డు పెట్టి మేకులు కొడుతున్నాడు. 'ప్రమాదకర కట్టడం, లోపలికి రాకూడదు' అని ఉంది బోర్డు మీద. మేకు రాతిలోకి దిగక వంగిపోతుంటే వాడు రాయిని తిడుతున్నాడు.

"ఎవడు తీయమన్నాడు కరెంటు?" ఫిట్టరు చేతిలో రెంచీ ఇంకా అలాగే ఉంది. మగ్గాలు బాగుచేసేది అతనే, సంఘానికి కార్యదర్శీ అతనే.

జీపు నీడలో నిలబడ్డ ఆఫీసరు రెంచీ వంక చూశాడు. "ముందు అది కింద పెట్టి మాట్లాడు."

"కోర్టేం చెప్పింది సార్? లోపల పనిచేసేవాళ్ళు ఒప్పుకుంటే తప్ప ఇటుక కదపకూడదని చెప్పలేదా?"

"చెప్పింది. మీరు ఒప్పుకున్నారుగా."

"మేమా? ఎవరు ఒప్పుకుంది?"

ఆఫీసరు పక్కకి చూశాడు. పక్కన నవ్వులాయన ఉన్నాడు. ఆ మిల్లు కూల్చి అంగళ్ళ మేడ కడతామంటున్న కంపెనీ తాలూకు మనిషి. ఎండలోనూ నవ్వుతాడు, తిడితే నవ్వుతాడు, గేటు మూసి పొమ్మన్నా నవ్వుతూనే పోతాడు. అందుకే ఆ పేరు. మిల్లు గేటుకెదురుగా నిలబెట్టిన పెద్ద బొమ్మల బోర్డు కూడా ఆయన పెట్టించిందే. అందులో గాజు మేడ, దాని ముందు పూలమొక్కలు, మొక్కల మధ్య ముచ్చటకి ఒక మగ్గం. మగ్గం ముందు మనిషి లేడు, మగ్గం మీద బట్ట లేదు.

నవ్వులాయన జేబులోంచి ఫోను తీసి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు. తెర మీద ముందు ఆయన మొహమే వచ్చింది. గొంతు తగ్గించి, ఫోనుకి దగ్గరగా చెబుతున్నాడు: "ఈ పాత మిల్లుని తీసేసి కొత్తది కట్టే విషయం సంఘం పెద్దనే అడుగుదాం." తర్వాత ఫోను తిరిగింది. మగ్గాల మోత మధ్య ఒక ముసలి మొహం, ముక్కు మీద కొత్త కళ్ళద్దాలు. నవ్వులాయన గొంతు ఈసారి మోతను మించి అరిచింది: "ఏం పెద్దాయనా, దించేదా?"

ముసలాయన ఇటు తిరగను కూడా లేదు. "దించు" అన్నాడు.

అంతే. తెర నల్లగా అయిపోయింది.

కండెలు చుట్టే అమ్మాయి జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఆ మొహం ఆమె తండ్రిది.

ఆయన్ని అందరూ బీములాయన అంటారు. పడుగు దారం చుట్టిన బరువైన బీములను మగ్గాల మీదికి ఎక్కించడం, అయిపోయినవి దించడం ఆయన పని. ఆ మిల్లులో ఆయన చెయ్యి పడని మగ్గం లేదు. యజమాని తాళం వేసుకుని పారిపోయిన రోజుల్లో ఆ తాళం పగలగొట్టినవాళ్ళలో ఆయన ఒకడు. సంఘం పెట్టి మగ్గాలు తిప్పుకున్నదీ వాళ్ళే. కోర్టువాళ్ళు సంఘం పెద్ద ఎవరని అడిగితే అందరూ ఆయన్నే ముందుకు తోశారు.

జనం పాయ చీలినట్టు పక్కకి జరిగారు. బీములాయన గేటు దగ్గర ఒక్కడే మిగిలాడు.

"ఆ గొంతు నీదేనా అన్నా?" ఫిట్టరు అడిగాడు.

"నాదే."

"ఆ మాట?"

"మాటా నాదే. ఎప్పుడన్నానో, ఎందుకన్నానో... నాకు గుర్తు రావడం లేదు."

"ఎల్లుండి పొద్దున కూల్చే మిషను వస్తుంది. సామాన్లు తీసుకెళ్ళడానికి రేపటిదాకా టైముంది" అని ఆఫీసరు జీపెక్కాడు. నవ్వులాయన ఎక్కేముందు అందరికీ నమస్కారం పెట్టి మరీ ఎక్కాడు.

ఆ సాయంత్రం టీ అత్త కొట్టు ముందు మీటింగు పెట్టారు. మీటింగంటే మీటింగు కాదు. ఎవరి నోటికొచ్చింది వాళ్ళు అన్నారు.

"గుర్తులేదట. నిన్న తిన్నది గుర్తుంటుంది, మిల్లు అప్పజెప్పింది గుర్తుండదా?"

"ఆ కళ్ళద్దాలు ఎవరు పెట్టించారో అడగండి ముందు."

ఆ మాటతో గోల అణిగింది. అందరి చూపులూ ఆయన ముక్కు మీదికి వెళ్ళాయి. కంపెనీ వాళ్ళు వీధి చివర కంటి శిబిరం పెట్టినప్పుడు ఎవరూ ఆ గడప తొక్కకూడదని సంఘం తీర్మానం చేసింది. ఆ తీర్మానం చదివి వినిపించింది బీములాయనే.

ఆయన అద్దాలు తీసి, తువ్వాలుతో తుడిచి, బల్ల మీద పెట్టాడు. "శిబిరంలోవే. పోగులు రెండుగా కనిపిస్తుంటే వెళ్ళాను. తప్పే. కానీ మిల్లు ఇస్తానని ఎవరికీ చెప్పలేదు."

"దొంగచాటుగా వెళ్ళినవాడి మాట ఎలా నమ్మాలి?" ఫిట్టరు గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది. పని నేర్చుకున్నది ఆయన దగ్గరే మరి.

టీ అత్త అందరికీ గ్లాసులు అందించుకుంటూ వచ్చి, బీములాయన దగ్గర ఆగింది. ఆయనకి వరసకి చెల్లెలు. గ్లాసు ఇవ్వాలా వద్దా అని ఒక క్షణం చూసి, పక్కవాడికి ఇచ్చేసింది.

కండెలపిల్ల స్తంభానికి ఆనుకుని ఇదంతా చూస్తూ నిలబడింది. ఆమెది మాట తక్కువ. కండెలు చుట్టేవాళ్ళకి కళ్ళతోనే పని, దారం ఎక్కడ సన్నబడుతుందో చూస్తూ కూర్చోవడమే. ఇప్పుడు ఆమె తండ్రిని అలాగే చూస్తోంది, ఎక్కడ సన్నబడ్డాడా అని.

ఇంటికొచ్చాక అడిగింది. "శిబిరానికి వెళ్ళినట్టు నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"చెబితే తీసెయ్యమంటావని."

"ఇంకేమన్నా చెప్పకుండా దాచావా?"

ఆయన ఆమె మొహంలోకి చూడబోయాడు. అద్దాలు లేక ఎక్కడో పక్కకి చూశాడు. "నువ్వు కూడానా తల్లీ" అన్నాడు. ఆపైన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమెకి నిద్ర పట్టలేదు. కొన్నాళ్ళుగా జరిగినవన్నీ తిరగేసింది. నవ్వులాయన ఎన్నిసార్లు మిల్లులోకి వచ్చాడు, ఎవరి పక్కన నిలబడ్డాడు, నాన్న ఎప్పుడు ఆలస్యంగా ఇంటికొచ్చాడు. వెతికేకొద్దీ ప్రతిదానికీ ఒక వంకర కనిపించింది. అనుమానం వచ్చాక మనిషి దగ్గు కూడా సైగలాగే వినిపిస్తుంది.

పొద్దున్నే మిల్లుకి వెళ్ళేసరికి సగం మంది సామాన్లు సర్దుతున్నారు. కొందరు పట్టుబట్టి కూర్చున్నారు, కొందరు పెళ్ళాంబిడ్డల మొహం చూసి లేచారు. సగం నేసిన బట్టను కోసి, బీములు విప్పి, తోపుడు బళ్ళ మీదికి చేరుస్తున్నారు. ఆమె తన మూలకి వెళ్ళి కండెలు బుట్టలో వేసుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ పలకరించలేదు. ఆమే ఎవరివంకా చూడలేదు. మనసంతా తండ్రి మీద మంటగా ఉంది.

అవతలి వరసలో ఇద్దరు ఒక బీమును మగ్గం మీదినుంచి ఎత్తి పట్టుకున్నారు. ముందున్నవాడు అలవాటుగా కేకేశాడు: "దించేదా?"

"దించు" అంది కండెలపిల్ల.

బీము కిందికి దిగింది. ఆమె మాత్రం రెండు అరచేతులూ గాల్లో చాపి అలాగే నిలబడిపోయింది.

తనని ఎవరూ అడగలేదు. ఆ బీముతో తనకి పనే లేదు. ఏం దించుతున్నారో తల తిప్పి చూడను కూడా లేదు. అయినా మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది, చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేశాయి.

ఆ మిల్లులో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ మాట ఊపిరి తీసుకోవడం లాంటిది. తాతల కాలంలో ఒక మేనేజరు తొందరపెట్టి బీము దింపించాడు. కింద దారం సరిచేస్తున్న ఒక ఆడపిల్ల రెండు చేతులూ నుజ్జయిపోయాయి. మిల్లంతా పని ఆపేసింది. ఆ మిల్లు చూసిన మొదటి సమ్మె అదే. గేటు దగ్గరి రాతిపలక ఆ సమ్మె గుర్తుగా వచ్చిందే. సమ్మె చేసి వాళ్ళు గెలుచుకున్నది, తర్వాత చుట్టుపక్కల మిల్లులూ నేర్చుకున్నది ఒక్క మాట. బరువు దించేవాడు 'దించేదా' అని అడిగి తీరాలి. వినపడినంత దూరంలో ఉన్న ప్రతివాళ్ళూ చేతులు వెనక్కి తీసుకుని, అరచేతులు చూపించి, 'దించు' అనాలి. ఎవరి చెయ్యైనా కిందుంటే 'చెయ్యుంది' అనాలి. ఆ మాట వినపడితే మేనేజరు కాదు, యజమాని వచ్చి చెప్పినా బరువు దిగదు. చుట్టుపక్కలవాళ్ళు ఉన్న పని వదిలేసి రెండు చేతులూ పైకెత్తి, ఆ బరువు పట్టుకోవడానికి ఉరుకుతారు.

ఆమె బుట్ట అక్కడే వదిలి ఫిట్టరు దగ్గరికి పరిగెత్తింది.

"బాబాయ్, ఆ వీడియో నీ ఫోన్లో ఉందా?"

"ఉంది. చూసి చూసి కళ్ళు మండుతున్నాయి. నీకెందుకు?"

"ఒక్కసారి."

చూసింది. మొహం చూడలేదు, తెర అంచులు చూసింది. 'దించు' అన్నప్పుడు కింది అంచులో ఒక్క క్షణం రెండు అరచేతులు కనిపించి మాయమయ్యాయి. నాన్నవే. ఎడమచేతి మచ్చ ఆమెకి తెలుసు.

"ఏంటి?" అన్నాడు ఫిట్టరు.

ఆమె చెప్పబోయి ఆగింది. చెబితే కూతురు కాబట్టి వెనకేసుకొస్తోందంటారు. "సాయంత్రం చెబుతాను బాబాయ్. అందరినీ రానివ్వు" అంది.

సాయంత్రం కొట్టు ముందు నిన్నటికంటే ఎక్కువమంది చేరారు. ఫిట్టరు బెంచీ ఎక్కాడు. "చూడండి, నాకూ మనసొప్పడం లేదు. కానీ సంఘాన్ని నట్టేట ముంచినవాడు ఎంత పెద్దవాడైనా సరే, ముందు ఆ ఇంటిని సంఘంలోంచి..."

"దించేదా?"

కేక అందరి వెనకనుంచి వచ్చింది.

"దించు" అన్నారు అందరూ. ఒకే గొంతుతో. అరచేతులన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. బెంచీ మీదున్న ఫిట్టరువి కూడా. ఎప్పుడో మిల్లు మానేసి కొట్టు పెట్టుకున్న టీ అత్త లోపల కెటిలు చప్పున పొయ్యి మీద వదిలేసి, చేతులు చూపిస్తూ గడపలో నిలబడింది.

ఎవరూ కదల్లేదు. గాల్లో ఉన్న తమ చేతులను తామే చూసుకున్నారు. వెనక తిరిగితే కండెలపిల్ల ఉంది.

"మీరు కూడా మిల్లు ఇచ్చేశారు" అంది.

ముందు ఎవరో ముక్కులోంచి నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఫిట్టరు మాత్రం నవ్వలేక, ఏడవలేక బెంచీ మీద కూలబడ్డాడు. "ఛ. నేనైతే కార్యదర్శి హోదాలో ఇచ్చేశాను" అన్నాడు.

అప్పటికప్పుడు వెళ్ళి బీములాయన్ని వెంటబెట్టుకొచ్చారు. టీ అత్త గ్లాసు నిండా టీ పోసి ఆయన చేతిలో పెట్టి, చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుంది. "నిన్న ఇవ్వలేదని పట్టించుకోకు అన్నయ్యా."

"అద్దాలు తీసుకోవడం తప్పే కదమ్మా" అన్నాడాయన.

"తప్పే" అన్నాడు ఫిట్టరు. "దానికి తర్వాత తీరిగ్గా తిడతాను. ఇప్పుడు టీ తాగు."

అందరూ కాస్త తేలికపడ్డారు. అంతలో ఎవరో అన్నారు: "మరి వాడికి ఆ మాట ఎవరు చెప్పారు?"

నవ్వు ఆగిపోయింది.

నిజమే. బయటివాడికి ఆ మాట తెలియదు. మోతలో అరిచి అడగాలనీ, అడిగితే అటు తిరగకుండానే జవాబొస్తుందనీ తెలియదు. ఎవరో కూర్చోబెట్టి చెప్పి ఉండాలి. మళ్ళీ చూపులు ఒకరి మీదినుంచి ఒకరి మీదికి పాకాయి.

"వాడు రోజూ ఇక్కడే కదా టీ తాగింది."

"నోరు జాగ్రత్త. తాగినవాళ్ళందరికీ రహస్యాలు చెప్పుకుంటూ పోతే నా కొట్టు నడిచినట్టే" అంది టీ అత్త.

"ఫిట్టరు మాత్రం వాడితో ఎన్నిసార్లు మాట్లాడలేదు?"

"తిట్టడం కూడా మాట్లాడటమేనా?"

కండెలపిల్ల ఆ చూపులను గమనించింది. నిన్న తన తండ్రి నిలబడ్డ చోట ఇవాళ ఎవరినో ఒకరిని నిలబెట్టాలని అందరి కళ్ళూ వెతుకుతున్నాయి. నిన్న తనూ అలాగే వెతికింది.

"రేపు మిషను వస్తుంది" అంది. "ఆ వేట తర్వాత చేద్దాం. ముందు ఆఫీసరు దగ్గరికి పదండి."

వెళ్ళారు. ఆఫీసరు తన ఇంటి మెట్ల మీదే వాళ్ళను ఆపాడు, మెట్ల మీదే విన్నాడు. "మీ మిల్లులో ఆ మాటకి ఏ అర్థమో నాకనవసరం. దించు అంటే దించమనే. రికార్డులో ఉంది. మీరు కావాలంటే మళ్ళీ కోర్టుకి వెళ్ళండి" అన్నాడు.

"వెళతాం. అప్పటిదాకా మిషను ఆపండి."

"అది నా చేతిలో లేదు."

"మా చేతిలో ఉంది అయితే" అన్నాడు బీములాయన. ఆ మాట ఆఫీసరుకి అర్థం కాలేదు. వీధిలోకి వచ్చాక మిగతావాళ్ళకి అర్థమైంది.

తెల్లారింది. పసుప్పచ్చ మిషను వీధి మలుపు తిరగలేక రెండుసార్లు వెనక్కీ ముందుకీ పోయి, చివరికి గేటు ముందుకొచ్చి ఆగింది. దాని వెనక పోలీసు వ్యాను. గోడ పొడవునా జనం నిలబడి ఉన్నారు. సామాన్లు సర్దుకుపోయినవాళ్ళు కూడా తిరిగొచ్చారు. ఎవరి చేతిలోనూ కర్ర లేదు, జెండా లేదు. అందరి చేతులూ గోడ ఇటుకల మీద ఉన్నాయి.

ఆఫీసరు మైకు పట్టుకున్నాడు. "లోపల పనిచేసేవాళ్ళ ఒప్పుదలతోనే ఇది జరుగుతోంది. అడ్డు తప్పుకోండి." ఎందుకైనా మంచిదని ఆ వీడియో చప్పుడు మైకులో వినిపించాడు. దించేదా అన్న కేక వీధంతా మోగింది. బీములాయన గొంతు 'దించు' అంది.

ఈసారి గోడ దగ్గర ఒక్క పెదవి కదల్లేదు. ఒక్క చెయ్యి వెనక్కి రాలేదు.

మిషను చెయ్యి లేచింది. ఇనప పళ్ళు కప్పు అద్దాలకంటే పైకి పోయి నిలిచాయి. డ్రైవరు కిందికి చూశాడు. మిషను పక్కన నిలబడ్డ నవ్వులాయన నవ్వుతూ, కానీయ్ అన్నట్టు చెయ్యూపాడు.

బీములాయనకి అద్దాలు లేవు. పైనున్నదేమిటో, ఎంత దగ్గరుందో ఆయనకి కనపడదు. చప్పుడు వినపడుతోంది. అది చాలు ఆయనకి.

"చెయ్యుంది" అన్నాడు.

పక్కనే కూతురు. ఆమె గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు. "చెయ్యుంది."

"చెయ్యుంది" అంది గోడంతా. ఈ చివరనుంచి ఆ చివరకి, ఇటుకలే అరిచినట్టు.

అప్పుడు జరిగింది అందరూ చూశారు. నవ్వులాయన రెండు చేతులూ ఒక్క ఊపున పైకి లేచాయి. వేళ్ళు విచ్చుకుని, మోచేతులు బిగించి, తలమీదికి దిగుతున్న దేన్నో ఆపబోతున్నవాడిలా ఒక అడుగు గోడవైపు ఉరికాడు. డ్రైవరు ఆ చేతులు చూసి, ఆపమంటున్నాడనుకుని మిషను ఆపేశాడు.

నవ్వులాయన తన చేతులవంక చూసుకున్నాడు. ఆ మొహం మీద నవ్వు లేకపోవడం వాళ్ళు చూడటం అదే మొదటిసారి.

టీ అత్త గోడ మీదినుంచి చెయ్యి తీయకుండానే అడిగింది. "ఏ మిల్లు బిడ్డవి నాయనా నువ్వు?"

ఆయన చేతులు మెల్లగా కిందికి దించాడు.

"మీ నాన్న బీములు మోశాడా? అమ్మ కండెలు చుట్టిందా? ఆ చేతులు అబద్ధం చెప్పవు."

ఆయన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. వెనక్కి నడిచి, జీపు అవతలివైపుకి వెళ్ళిపోయాడు. ఫిట్టరు గట్టిగా ఊపిరి వదిలాడు. "మనలో ఎవరూ చెప్పలేదు" అన్నాడు. రెండు రోజులుగా ఒకరినొకరు ఓరచూపులు చూసుకున్నవాళ్ళందరూ ఆ మాట విన్నారు. సిగ్గుపడ్డారు కూడా.

పోలీసులకి సిగ్గుతో పనిలేదు. లాఠీలు వేళ్ళ మీద పడ్డాయి. ఒక చెయ్యి లాగేస్తే ఇంకొకటి వచ్చి ఇటుకను పట్టుకుంది. చివరికి ఫిట్టరునీ బీములాయన్నీ ఈడ్చుకెళ్ళి వ్యానులో పడేశారు. కండెలపిల్ల వెంట పరిగెత్తింది. కిటికీ ఇనప జాలీ వెనక ఆయన కళ్ళు చికిలించి ఎటో చూస్తున్నాడు.

"గోడ ఉందా తల్లీ?"

"ఉంది నాన్నా."

"చెయ్యుందా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "ఉంది."

వ్యాను కదిలిపోయింది. మిషను డ్రైవరు సాయంత్రందాకా కేబిన్లో కూర్చుని, ఎవరూ ఏమీ చెప్పకపోవడంతో మిషను అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. గోడ దగ్గర మాత్రం మిల్లులో లాగే షిఫ్టులు వేసుకున్నారు. మరుసటి రోజు రైల్వే కూలీలు వచ్చారు, బట్టలు కుట్టేవాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం కాలేజీ పిల్లలు గుంపుగా వచ్చి, ఎలా మొదలుపెట్టాలో తెలియక దూరంగా నిలబడ్డారు. వాళ్ళలో ఒకమ్మాయి పుస్తకాల సంచీ చంకలోకి సర్దుకుని, కండెలపిల్ల పక్కకి వచ్చింది.

"అక్కా, ఇక్కడ ఏమనాలి?"

లాఠీ దెబ్బకి వాచిన చేత్తో కండెలపిల్ల ఆ అమ్మాయి చెయ్యి తీసుకుని ఇటుక మీద ఆనించింది. ఇటుక ఎండకి వేడిగా ఉంది.

"ఎవరైనా వచ్చి దించేదా అని అడుగుతారు" అంది. "ఎంత మంచిగా అడిగినా సరే, ముందు నీ చెయ్యెక్కడుందో చూసుకుని చెప్పు."